మోదుగ పువ్వు – తేనెపిట్ట

పరాగ సంపర్కం అనగానే తుమ్మెద, సీతాకోకచిలుక, గాలి గుర్తుకొస్తాయి. పక్షులూ ఈ పని చేస్తాయి. మన సైదాబాద్ పెరళ్లలో మందారం మీద వాలే నల్లని బుల్లిపిట్టను మీరు చూసే ఉంటారు. ఎండలో ఊదారంగుగా మెరిసే అదే మగ తేనెపిట్ట. పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. (ఆడది గోధుమ, పసుపు రంగుల్లో ఉంటుంది. వేరే జాతి అనుకోకండి!)

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఊరు దాటి వెళితే, ఆకు రాల్చిన మోదుగలు నిప్పుల్లా పూసి కనిపిస్తాయి. ఈ పువ్వుకు వాసన లేదు. పక్షికి వాసనతో పనేమిటి? దానికి ఎరుపు బాగా కనబడుతుంది, తేనెటీగకు సరిగా కనబడదు. పువ్వు అడుగున మకరందం ఉంటుంది. చిలుకముక్కులా వంగిన ద్రోణిలో కేసరాలు, కీలం దాగి ఉంటాయి.

అయితే పువ్వు మీద వాలిన ప్రతి పక్షీ పుప్పొడిని చేరవేస్తుందా? లేదు. 2003లో ప్రచురించిన ఒక పరిశోధనలో, మోదుగ పూలకు వచ్చిన 7 జాతుల పక్షుల్లో ఊదా తేనెపిట్ట ఒక్కటే ఆ పని చేస్తున్నట్లు తేలింది. దాని కొలతకూ పువ్వు కొలతకూ చక్కగా అమరింది. తక్కినవన్నీ తాగిపోయే చుట్టాలే. విచిత్రం, ఉడుత మాత్రం కొంత సాయం చేసింది!

మోదుగలో స్వపరాగ సంపర్కం వల్ల కాసే కాయలు తక్కువ. మరో చెట్టు పుప్పొడి రావాలి. చుట్టుపక్కల చెట్లు కొట్టేశాక మిగిలిన ఒంటి మోదుగకు, పిట్ట దాన్ని ఎక్కడినుంచి తెస్తుంది? పైగా కాయకు ఒకటే గింజ.

ఈసారి మందారం మీద తేనెపిట్ట వాలితే ముక్కు ఎక్కడ పెడుతుందో చూడండి. పువ్వు మొదట్లో పక్కనుంచి పొడిచిందా, అది దొంగతనమే. పుప్పొడి దానికి అంటదు.