మగ్గం తన సంగతి తానే చెబితే

చేనేత ఇళ్లలో పుట్టినవారికి ఈ సంగతి తెలుసు. పోగు తెగితే నాడె ఆపాలి. తెగిన పోగు అతకాలి. ఆ తర్వాతే నేత. చేతి మగ్గం దగ్గర మనిషి కూర్చునే ఉంటుంది. కంటికి తెలిసిపోతుంది. మరి మిల్లులో? అక్కడ ఒక్క మనిషే ఎన్నో మరమగ్గాలు చూడాలి.

జపాను దేశంలో సకిచి టొయోడా అనే ఆయన ఉండేవాడు. వడ్రంగి కొడుకు. మగ్గం మీద తల్లి పడే కష్టం చూస్తూ పెరిగాడు. 1924లో ఆయన ఒక మరమగ్గం తయారు చేశాడు. పోగు తెగితే అది తనంతట తానే ఆగిపోతుంది! తర్వాత ఆయన కొడుకు పెట్టిన కంపెనీయే టొయోటా. ఆ కార్ల ఫ్యాక్టరీలో దీపాల పలక పెట్టారు. ఎక్కడ ఇబ్బంది వస్తే అక్కడి దీపం వెలుగుతుంది. దాని పేరు ఆందోన్. అంటే లాంతరు.

ఇప్పుడు చాలా మిల్లుల్లో మరకు చిన్న పరికరం బిగిస్తున్నారు. మర తిరుగుతోందా, ఆగిందా, ఎంత నేసింది? ఆ కబురు అప్పటికప్పుడే కంప్యూటరుకు చేరుతుంది.

దీనితో ఏం లాభం? ఒక లెక్క చూద్దాం. 10 మగ్గాలున్నాయి. ఒక్కొక్కటి రోజుకు 40 మీటర్లు నేస్తుంది. 1,200 మీటర్ల ఆర్డరు 3 రోజుల్లో అయిపోవాలి. మొదటి రోజు పొద్దున్నే 2 మగ్గాలు ఆగిపోయాయి. 3 రోజులకు 240 మీటర్లు తక్కువ పడుతుంది. లారీ వచ్చి నిలబడ్డాక ఈ సంగతి తెలిస్తే ఏం చేస్తారు? రాత్రి షిఫ్టు కూడా ఉండమంటారు. ఇంటి దగ్గర పిల్లలు ఎదురు చూస్తుంటారు. అదే మొదటి రోజే తెలిస్తే, తొందర లేని గుడ్డ నేసే మగ్గాలను ఈ పనికి మార్చవచ్చు.

ఇంకో సంగతి. గేదెను అమ్మేవాడు చెప్పే పాలు వేరు. మన చెంబులో పడే పాలు వేరు. మర కూడా అంతే. కొన్నప్పుడు 40 మీటర్లన్నారు. పాతబడ్డాక 34 మీటర్లే వస్తోంది. అప్పుడు 34 తోనే రేపటి పని లెక్క వేయాలి. 40 అని రాసుకుని, తక్కువైందని పనివాళ్లను కసరడం ఏం న్యాయం?

అయితే మగ్గం ఆగిందని కంప్యూటరుకు తెలుసు. ఎందుకు ఆగిందో తెలియదు. పోగు తెగిందా? నూలు అందలేదా? ఫిట్టరు రాలేదా? అది మనిషి చెప్పాలి. అందుకు కొన్నిచోట్ల మర దగ్గరే మీటలుంటాయి. ఒక్కో కారణానికి ఒక్కో నంబరు. తొందరలో ఏదో ఒకటి నొక్కితే, స్టోరులో నూలు లేక ఆగినా తప్పు నేసే ఆమె మీదికి వస్తుంది. మీటరుకు ఇంతని కూలి ఇచ్చే చోట ఆ 40 నిమిషాలు ఎవరి ఖాతాలో పడ్డాయన్నది చిన్న విషయం కాదు. నంబరు చదివి, కారణం చూసి నొక్కాలి.

ఈ లెక్క చేయండి:
12 మగ్గాలు. ఒక్కొక్కటి రోజుకు 30 మీటర్లు. ఆర్డరు 1,440 మీటర్లు. ఎన్ని రోజులు పడుతుంది? మొదటి రోజు పొద్దున 3 మగ్గాలు ఆగి, మళ్లీ తిరగకపోతే, అన్ని రోజులకు ఎన్ని మీటర్లు తగ్గుతుంది?