జిమ్ములో తొలి మూడు నెలలు : అర్ధశక్తి వ్యాయామ విధానము

శరీరమునకు ఆయాసము కలిగించు పని వ్యాయామమని సుశ్రుతుడు చెప్పెను. చరకాచార్యులు మరి రెండు నియమములు చేర్చిరి: అది దేహమునకు స్థైర్యమును, బలమును పెంచునదై యుండవలెను, మాత్ర నెరిగి చేయవలెను. ఈ "మాత్ర" అను మాటను గూర్చియే నేటి పాఠము.

సికింద్రాబాదులో ఇప్పుడు వీధి వీధికి ఒక జిమ్ము వెలసినది. జనవరి మాసమున క్రొత్తగా చేరువారు అధికము. ఫిబ్రవరిలో నడుము పట్టుకొని, భుజము పైకెత్తలేక మా చికిత్సాలయమునకు వచ్చువారిలో ఆ జనవరివారే ఎక్కువ. 2023 ఫిబ్రవరిలో మారేడ్‌పల్లిలోని ఒక జిమ్ములో ఒక యువకుడు వ్యాయామము చేయుచునే కుప్పకూలి మరణించిన వార్త పత్రికలలో వచ్చినప్పటి నుండి, "మా అబ్బాయిని జిమ్ము మాన్పించవలెనా?" అని అడుగు తలిదండ్రులును ఉన్నారు. మాన్పించనక్కరలేదు. ముందు చూడవలసినవి చూచి, క్రమము తప్పక చేసిన చాలును.

చిన్న వయసున వ్యాయామ సమయమందు సంభవించు ఆకస్మిక మరణములకు పలుమార్లు ముందే దాగియున్న హృదయదోషము కారణమగుచుండును. కనుక నలువది ఏండ్లు దాటినవారు, మధుమేహము, రక్తపుపోటు కలవారు, పొగత్రాగువారు, ఇంటిలో ఎవరైనను చిన్న వయసుననే హఠాత్తుగా మరణించినవారు, మెట్లెక్కునప్పుడు రొమ్ము బిగపట్టినట్లుండువారు, ఎప్పుడైనను శ్రమపడునప్పుడు స్పృహ తప్పినవారు - వీరందరు జిమ్ము రుసుము కట్టుటకు ముందే వైద్యునికి చూపించుకొని, ఇ.సి.జి. తీయించుకొనవలెను. ఇది నాడి పట్టి చూచి మాత్రమే నిర్ణయింపదగిన విషయము కాదు.

ఇక మాత్ర సంగతి. బలవంతులు, స్నిగ్ధాహారము తినువారు శీతకాలమునను, వసంతమునను తమ శక్తిలో సగము మేరకు వ్యాయామము చేయవచ్చునని, తక్కిన కాలములలో అంతకన్న తక్కువగా చేయవలెనని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయ సూత్రస్థానమున దినచర్యాధ్యాయములో విధించిరి. సగము శక్తి యని తెలియుటెట్లు? లోపలి వాయువు నోటికి వచ్చుట, అనగా ముక్కుతో ఆడుచున్న శ్వాస చాలక నోరు తెరువవలసి వచ్చుట, దానికి గుర్తు. నుదుట, ముక్కుపైన, చంకలలో, కీళ్ళవద్ద చెమట పట్టుట, నోరెండుట కూడ గుర్తులుగా చెప్పబడినవి. అయితే ఒక్క మాట. చల్లని గాలి యంత్రము పెట్టిన గదిలో చెమట ఆలస్యముగా పట్టును, పట్టినను వెంటనే ఆరిపోవును. అందుచేత నేటి జిమ్ములో చెమటను నమ్ముకొనరాదు, శ్వాసనే నమ్ముకొనవలెను. ఒక వాక్యము నడుమ తెగకుండ పలుకగలిగినంత కాలము మీరు హద్దులో ఉన్నట్లే. మాట ముక్కలగుచున్నచో ఆగవలెను.

కొందరు యువకులు, "సగము శక్తితో చేసిన కండ ఎట్లు పెరుగును స్వామీ?" అని నన్నడుగుదురు. శక్తి నిలిచియుండు రాశి కాదు. నేడు 20 కిలోలు ఎవనికి సగమో, మూడు నెలలకు వానికి 30 కిలోలు సగము కావచ్చును. సగము కొలతయే పెరుగుచు పోవును. మొదటి దినముననే పూర్తి శక్తి ఎంతయో తేల్చుకొనవలెనని బరువులెత్తుట ప్రమాదకరము. కోడి రామమూర్తి నాయుడుగారు ఏనుగును రొమ్ముపై నిలుపుకొనిన సంగతి అందరికి తెలియును. వారు బాల్యము నుండి సాముగరిడీలలో సంవత్సరముల తరబడి చేసిన సాధన ఎవరికిని గుర్తుండదు.

క్రొత్త అలవాటును ఒక్కసారిగా గాక, నాలుగవ పాలు చొప్పున శరీరమునకు అలవరచవలెనని చరకుడు చెప్పిన పాదాంశిక క్రమము జిమ్మునకు చక్కగా సరిపోవును. దానిని నేను ఇట్లు ఉపయోగింపజేయుచున్నాను.

మొదటి రెండు వారములు సోమ, బుధ, శుక్రవారములు మాత్రమే. పది నిమిషములు నడిచి దేహము వెచ్చబడిన పిమ్మట ఐదు పనులు: కుర్చీ మీద కూర్చుండి లేచినట్లు బస్కీలు, గోడకు గాని, ఎత్తైన బల్లకు గాని చేతులానించి దండీలు, కూర్చుండి తాడు లాగు యంత్రము, డంబెల్సు తలపైకెత్తుట, నడుము వంచక తుంటి వద్దనే వంగి నేలమీది తేలిక బరువును లేపుట. ఒక్కొక్కటి పది, పన్నెండు పర్యాయములు, ఒకే సెట్టు. ఆ బరువు మీరు ఇరువది సార్లకు పైగా ఎత్తగలిగినంత తేలికగా నుండవలెను. ఇంటికి పోవునప్పుడు "ఏమియు చేయలేదే" అనిపించినచో సరిగా చేసినట్లు.

మూడు, నాలుగు వారములలో రెండు సెట్లు. సెట్టునకు సెట్టునకు నడుమ ఒకటి రెండు నిమిషముల విశ్రాంతి. ఐదవ వారము నుండి బరువు పెంచవచ్చును. పన్నెండు పర్యాయములు వరుసగా రెండు దినములు సుఖముగా వచ్చిననే పెంచవలెను, అదియు రెండున్నర కిలోలకు మించరాదు. తొమ్మిదవ వారమునకు మూడు సెట్లు. తక్కిన దినములలో పరేడ్ గ్రౌండ్స్ వైపో, సంజీవయ్య పార్కులోనో అరగంట వడివడిగా నడువవలెను. వారమునకు 150 నిమిషములకు తగ్గని నడకవంటి శ్రమ, రెండు దినములైనను కండలకు పని ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినదానికి ఇది సరిపోవును.

వ్యాయామము చేసిన మరునాడు, మూడవనాడు కండలు సలుపుట సహజము. మూత్రము టీ డికాషన్ వలె నల్లబడి, కండలు వాచి, భరింపరాని నొప్పి కలిగినచో అది సహజము కాదు. అతిశ్రమచే కండ చితికి, ఆ మలినము మూత్రపిండములను చెరచుచున్నదని అర్థము. కషాయములు త్రాగుచు ఇంట కూర్చుండక ఆ గంటలోనే ఆసుపత్రికి పోవలెను. క్రొత్తవారు మొదటి దినమే వందలకొలది బస్కీలు తీయుట వలన ఇది వచ్చుచుండును. అతివ్యాయామము వలన దప్పి, క్షయము, శ్వాస, రక్తపిత్తము, దగ్గు, జ్వరము, వాంతి కలుగునని మన ఆచార్యులు ఊరక చెప్పలేదు.

ఆహార విషయమున డబ్బాలలోని పొడులకు వేలకు వేలు పోయనక్కరలేదు. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో, దేహపుష్టి కొరకు ప్రొటీన్ పొడులు వాడవద్దని స్పష్టముగా చెప్పినది. సామాన్యులకు దేహభారములో కిలోకు 0.83 గ్రాముల ప్రొటీను చాలునని అదే సంస్థ లెక్క. అనగా 60 కిలోల మనిషికి దినమునకు సుమారు 50 గ్రాములు. 75 గ్రాముల కందిపప్పులో 16, అరలీటరు పాలు పెరుగులలో 16, పావుకిలో బియ్యములో సుమారు 18 గ్రాములు లభించును. బరువులెత్తువారు దానిపై రెండు గ్రుడ్లో, గుప్పెడు ఉడికించిన పెసలో, ఉలవచారో చేర్చుకొనిన సరిపోవును. మూత్రపిండ వ్యాధి కలవారు మాత్రము వైద్యుని అడిగియే పప్పు పెంచవలెను.

రాత్రి భోజనము జీర్ణమై, మలవిసర్జనమైన పిమ్మట ఉదయమున చేయుట ఉత్తమము. అజీర్ణముతో చేయరాదు, బాగుగా ఆకలి, దప్పిక ఉన్నప్పుడును చేయరాదు. వ్యాయామానంతరము దేహమును సుఖముగా మర్దించవలెను. వారమునకు రెండుసార్లైనను గోరువెచ్చని నువ్వుల నూనె పట్టించి, అరగంట తరువాత పెసరపిండితో నలుగు పెట్టుకొని వేడినీళ్ళ స్నానము చేసినచో సలుపు తగ్గును. వాతప్రకృతి వారికి ఈ తైలము ఎంత అవసరమో, కఫప్రకృతి వారికి ప్రొద్దుటి నడక అంత అవసరము. పిత్తప్రకృతి వారు పదిగంటల ఎండలో వ్యాయామమునకు బయలుదేరరాదు.

హేమంత శిశిరములలో బలము అధికము గనుక జనవరిలో ఆరంభించుట శాస్త్రమునకు అనుకూలమే. కాని ఉగాది దాటి ఎండలు ముదిరిన కొలది బలము తగ్గును. ఏప్రిల్, మే మాసములలో బరువు పెంచక, ఒక సెట్టు తగ్గించి, వ్యాయామము తరువాత జీలకర్ర, ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ త్రాగుచు మృగశిర కార్తె వరకు గడుపవలెను. జ్వరము వచ్చి వారము రోజులు మానినవారు విడిచిన బరువునే మరల పట్టరాదు. ఆకలి తిరిగి వచ్చిన తరువాత, పూర్వము ఎత్తిన దానిలో నాలుగవ పాలుతో మొదలుపెట్టి రెండు వారములలో యథాస్థితికి రావలెను.