దూరపు క్లబ్బు, ఆ రాత్రి కాగితం

దూరంలో ఉన్న కంప్యూటర్ హాబీ క్లబ్బులో చేరాలా వద్దా అన్న తర్జనభర్జన సాధారణంగా బస్సు చార్జీల లెక్కతో మొదలవుతుంది. నెలకో ఆదివారం పోతుంది, రానూపోనూ ఆరేడు గంటలు, అంతా తెలియని ముఖాలు. చివరికి 'అన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి కదా' అనుకుని పక్కన పెట్టేస్తారు. ఈ లెక్కల చాటున చాలాసార్లు దాక్కుని ఉండేది బెరుకు. అక్కడందరికీ తెలిసింది తనకొక్కడికే తెలియదేమోనన్న భయానికి చార్జీల పేరు పెట్టడం ఆత్మవంచనే.

అలాగని దూరాన్ని తీసిపారేయడానికీ లేదు. ఎంఐటీకి చెందిన థామస్ ఆలెన్ 1970లలో ఇంజినీర్ల మాటామంతీని లెక్కగట్టి, బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు బాగా తగ్గిపోతాయని చూపాడు. ఒక్క కప్పు కిందే అంత తేడా ఉంటే పక్క జిల్లా సంగతి చెప్పనక్కర్లేదు. పనిగట్టుకుని వెళ్తే తప్ప ఆ పరిచయాలు నిలవవు.

ఇలాంటి క్లబ్బులకు పెద్దన్న లాంటిది హోంబ్రూ కంప్యూటర్ క్లబ్. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి గ్యారేజీలో అది తొలిసారి సమావేశమైంది. ముప్పై మందికి కాస్త పైగా వచ్చారు. వారిలో లీ ఫెల్సెన్‌స్టీన్ అనే ఆయన అఖాతం అవతల, 50 కిలోమీటర్లకు పైగా దూరంలోని బర్క్‌లీ నుంచి వచ్చాడు. తర్వాత ఆపిల్-1 కంప్యూటర్‌ను తయారుచేసిన స్టీవ్ వోజ్నియాక్ అయితే అది టీవీ టెర్మినళ్ల గురించిన సమావేశమనుకుని, మిత్రుడి మాట మీద వచ్చాడు. తీరా అందరూ మాట్లాడుకుంటున్నది మైక్రోప్రాసెసర్ల గురించి. ఎందుకొచ్చానా అనిపించింది. కానీ అక్కడ పంచిన ఒక చిప్ వివరాల పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని ఆ రాత్రే చదివాడు. తాను కుర్రతనంలో కాగితాల మీద గీసుకున్న మినీకంప్యూటర్ల తీరే అందులో కనిపించింది. ఆపిల్-1 ఆలోచన ఆ రాత్రే మొదలైంది.

గట్టిగా పట్టుకోవలసిన అలవాటు ఇదే. సమావేశంలో విని అర్థం కాని ఒక్క మాటను, ఒక్కటంటే ఒక్కటే, కాగితం మీద రాసుకోవాలి. ఇల్లు చేరాక పడుకునేలోగా దాని అంతు తేల్చాలి. ఉదాహరణకు, బటన్ నొక్కకుండానే నొక్కినట్టు ఆర్డుయినో చూపిస్తోందంటే 'పుల్-అప్ పెట్టలేదా?' అని ఎవరో అంటారు. ఆ మాట కాగితంలో ఉంటే, రాత్రి బ్రెడ్‌బోర్డు మీద బటన్ కలిపిన పిన్ నుంచి 5 వోల్టులకు ఒక 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ గుచ్చి, బటన్ రెండో కాలును గ్రౌండుకు కలిపితే దెయ్యం వదులుతుంది. అదే మర్నాటికి వాయిదా వేస్తే ఆ మాట కూడా గుర్తుండదు. ఈ వ్యాసకర్త మూడు నెలల కాగితాలు చొక్కా జేబులోనే దాచాడు. అవి చొక్కాతో పాటే ఉతుకుడుకు వెళ్లి ముద్దయ్యాయి. ఆ మూడు ప్రయాణాలూ షికారు కిందే లెక్క.

చేరే నిర్ణయం కూడా ఈ కాగితాలే చెబుతాయి. నాలుగుసార్లు వెళ్లాలి. నాలుగింటిలో రెండైనా చేతిపనిగా మారితే చందా కట్టవచ్చు. ఒక్కటీ మారకపోతే నొచ్చుకోకుండా మానేయవచ్చు. మొదటిసారే తేల్చేయడం తొందరపాటు, ఏడాదంతా ఊగిసలాడడం బద్ధకం.

ఇక మామూలు జాగ్రత్తలు: తిరుగు బస్సు వేళ ముందే కనుక్కోవాలి, ఇంట్లో చెప్పాలి, తోడు దొరికితే మరీ మంచిది, చూపించడానికి సగం చేసిన వస్తువైనా చేతిలో ఉండాలి.

ఈ చివరిది నోరు పెగలనివాళ్లకు మరీ అవసరం. హోంబ్రూ సమావేశాల్లో చెయ్యెత్తి మాట్లాడలేనంత మొహమాటం తనదని వోజ్నియాక్ స్వయంగా చెప్పుకున్నాడు. తాను చేసిన బోర్డును తెచ్చి బల్ల మీద పెట్టుకునేవాడు. చూసేవాళ్లే చుట్టూ చేరి అడిగేవారు.