కోడి నిజంగా పిరికిదా?

ఈసారి గోడ పత్రికలో ఇంగ్లీషు పాఠం రాసే వంతు నాది. 'చికెన్ ఔట్' అనే మాట గురించి రాస్తున్నాను. టీచరు గారు అర్థం అడిగితే 'కోడి కూర అయిపోయింది' అని చెప్పేశాను. క్లాసంతా ఒకటే నవ్వు.

ఇది అమెరికా వాళ్ళ వాడుక మాట. చేస్తానని ఒప్పుకున్న పనిని, తీరా సమయం వచ్చేసరికి భయపడి మానుకోవడమే చికెన్ ఔట్. మనం 'తోక ముడిచాడు' అంటాం. మనం కుక్కను అన్నాం, వాళ్ళు కోడిని అన్నారు. అక్కడ పిరికివాణ్ణి చికెన్ అని వెక్కిరిస్తారు. 1955లో వచ్చిన 'రెబెల్ వితౌట్ ఎ కాజ్' అనే అమెరికా సినిమాలో ఇద్దరు కుర్రాళ్ళు పందెం వేసుకుని కార్లను కొండ అంచుకు తోలుకుపోతారు. కారులోంచి ముందు దూకినవాడు చికెన్. నాకైతే దూకినవాడికే బుద్ధి ఉందనిపించింది.

అసలు కోడి పిరికిదంటే నేను ఒప్పుకోను. మా ఊళ్ళో పిల్లల కోడి దగ్గరికి వెళ్ళి చూడండి. గద్ద వాలిందంటే ఈకలన్నీ నిక్కబొడుచుకుని మీదికి ఎగురుతుంది. నా చెయ్యి కూడా పొడిచింది ఒకసారి.

జరిగిపోయిన దానికి 'చికెన్డ్ ఔట్' అనాలి. ఏ పని మానేశారో చెప్పాలంటే 'ఆఫ్' పెట్టాలి. 'షీ చికెన్డ్ ఔట్ ఆఫ్ సింగింగ్' అంటే పాడతానని చెప్పి, భయపడి మానేసింది అని. స్నేహితులతో అనొచ్చు గాని పరీక్షలో, లీవు లెటరులో రాయకూడదు.

ఆగస్టు 15న ఇంగ్లీషులో మాట్లాడతానని నేను పేరిచ్చాను. తెల్లారేసరికి కడుపు నొప్పి అని దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నొప్పి లేదు, ఏమీ లేదు. ఐ చికెన్డ్ ఔట్. ఈ మాట నాకు సరిగ్గా సరిపోతుంది.

నిజంగా జ్వరం వచ్చి మానేస్తే మాత్రం ఈ మాట వాడకూడదు. భయం ఉంటేనే వాడాలి. సంక్రాంతి సెలవులకు వెళ్ళి తిరిగి రాని మా బెంచీ పిల్ల మీద ఒకరు నోటుబుక్కులో 'షీ చికెన్డ్ ఔట్' అని వాక్యం రాశారు. గ్రామరు తప్పు లేదు, అయినా వాక్యం తప్పు. వాళ్ళమ్మ కూలికి పోతే చంటి తమ్ముణ్ణి చూసుకునేవాళ్ళు లేరు. అది చదువుకి ఎప్పుడూ భయపడలేదు, లెక్కల్లో నాకంటే ముందుండేది. పెట్టె కూడా ఇక్కడే వదిలి వెళ్ళింది. నేను ఊరుకోలేదు. ఆ వాక్యం కొట్టేయించి, 'షీ కుడ్ నాట్ కమ్' అని రాయించాను.

— 9వ తరగతి విద్యార్థిని