ధ్వని విభజన: గృహ శ్రవణ వ్యవస్థకు స్పీకర్లు, డిజిటల్ క్రాసోవర్ల ఎంపిక

మానవుని కంటికి కనబడే వెలుగులో మిక్కిలి పొడవైన తరంగానికీ, మిక్కిలి పొట్టి తరంగానికీ మధ్యగల నిష్పత్తి సుమారు రెండు మాత్రమే. చెవి విషయం అట్లా కాదు. ఆరోగ్యవంతమైన యౌవనంలో చెవి 20 హెర్ట్‌జ్‌ల నుండి 20,000 హెర్ట్‌జ్‌ల వరకు, అనగా వేయి రెట్ల అంతరం గల పౌనఃపున్యాలను గ్రహించగలదు. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు. ఈ వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం లభిస్తుందన్నది విద్యార్థులందరూ ఎరిగినదే. ఆ లెక్కన 20 హెర్ట్‌జ్‌ల తరంగం పొడవు 17 మీటర్లు. 20,000 హెర్ట్‌జ్‌ల తరంగం పొడవు 1.7 సెంటీమీటర్లు. మొదటిది మన ఇళ్లలోని ఏ గదిలోనూ పట్టదు. రెండవది బొటనవ్రేలి వెడల్పుకు మించదు.

ఇంతటి అంతరం గల తరంగాలను ఒకే శంకువు సమర్థంగా పుట్టించలేదు. 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన రైస్, కెల్లాగ్ అనే ఇంజనీర్లు చలన తీగచుట్టతో పనిచేసే స్పీకరును లోకానికి వివరించారు. నేటి స్పీకర్లలో అత్యధికం ఆ సూత్రం మీదనే పనిచేస్తున్నాయి. మంద్ర ధ్వనులకు చాలినంత గాలిని కదిలించాలంటే శంకువు పెద్దదిగా ఉండాలి. హెచ్చు పౌనఃపున్యాలతో కంపించి, వాటిని నలుదిశలా పంచాలంటే అది చిన్నదిగా, తేలికగా ఉండాలి. ఈ రెండు గుణాలు ఒకచోట ఇమడవు. కనుక పనిని విభజించవలసి వచ్చింది. మంద్రానికి ఊఫర్, మధ్యశ్రేణికి వేరొక స్పీకర్, తారానికి ట్వీటర్ ఏర్పడినవి. ఎవరి భాగం వారికి పంచి ఇచ్చే సాధనమే క్రాసోవర్.

ఈ పంపకం నేడు సంఖ్యల ద్వారా, అతి సూక్ష్మంగా చేయడం సాధ్యమైంది. అయితే ఈ డిజిటల్ సాధనం ఉన్నది గదా, ఎటువంటి స్పీకరునైనా సరిదిద్దుకోవచ్చునన్న భ్రమ కూడా దానితో పాటే వచ్చింది. క్రాసోవర్ సరిదిద్దగల లోపాలు కొన్ని, సరిదిద్దలేని లోపాలు కొన్ని. సరిదిద్దలేని వాటిని చూసి స్పీకరును ఎంచుకోవలెనన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచిన ముఖ్య విషయం.

పంపకం ఎక్కడ జరగాలి?

సామాన్యంగా మార్కెట్లో లభించే స్పీకర్ పెట్టెలో క్రాసోవర్ యాంప్లిఫయర్‌కు తరువాత ఉంటుంది. తీగచుట్టలు, కెపాసిటర్లు, నిరోధకాలతో నిర్మించిన ఈ వలయం, యాంప్లిఫయర్ నుండి వచ్చిన విద్యుత్తును విభజించి స్పీకర్లకు అందిస్తుంది. ఇది చవక, సులభం. కాని ఇందులో రెండు చిక్కులున్నవి. మొదటిది, స్పీకర్ విద్యుత్ అవరోధం అన్ని పౌనఃపున్యాల వద్ద ఒకేలా ఉండదు. అందుచేత 8 ఓముల లెక్కతో కట్టిన వలయం అనుకున్న చోట విభజించదు. నిర్మాత అదనపు భాగాలు చేర్చి సర్దవలసి ఉంటుంది. రెండవది, వలయంలోని తీగచుట్టల నిరోధం వల్ల సామర్థ్యంలో కొంత వేడిగా వృథా అవుతుంది.

బహు యాంప్లిఫయర్ పద్ధతిలో విభజన ముందే, సంకేతం ఇంకా బలహీనంగా ఉన్నప్పుడే జరుగుతుంది. ఆ తరువాత ఒక్కొక్క స్పీకరుకు ఒక్కొక్క యాంప్లిఫయర్ నేరుగా తగిలించబడుతుంది. దీని ప్రయోజనాన్ని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. ఒక మంద్ర ధ్వనికి 20 వోల్టుల శిఖర విలువ, అదే సమయంలో ఒక తార ధ్వనికి 20 వోల్టుల శిఖర విలువ అవసరమనుకొందాం. ఒకే యాంప్లిఫయర్ రెండింటినీ మోయవలసి వస్తే శిఖరాలు కలిసినప్పుడు 40 వోల్టులు ఇవ్వాలి. 8 ఓముల భారానికి 40 వోల్టుల శిఖరం ఇవ్వగల యాంప్లిఫయర్ 100 వాట్లది. వేర్వేరుగా పంచితే 20 వోల్టుల చొప్పున చాలును. అవి 25 వాట్లవి రెండు. అనగా ఈ సందర్భంలో 50 వాట్లు 100 వాట్ల పని చేస్తున్నవి. అంతేకాక ఊఫర్ యాంప్లిఫయర్ ఎప్పుడైనా పరిమితి దాటి తరంగాన్ని కత్తిరించినా, ఆ వికృతి ట్వీటరును చేరదు.

డిజిటల్ క్రాసోవర్ చేయగలిగినవి

డిజిటల్ క్రాసోవర్ సంకేతాన్ని సంఖ్యలుగా మార్చి, గణితం ద్వారా విభజించి, మరల విద్యుత్ సంకేతాలుగా అందిస్తుంది. విభజన వాలును మనమే నిర్ణయించుకోవచ్చు. 1976లో సిగ్‌ఫ్రిడ్ లింక్విట్జ్ ప్రచురించిన పత్రం ద్వారా ప్రసిద్ధమైన లింక్విట్జ్–రైలీ వాలు ఇళ్లలో ఎక్కువగా వాడబడుతున్నది. దాని నాల్గవ తరగతి రూపంలో విభజన స్థానం వద్ద రెండు స్పీకర్లూ 6 డెసిబెల్‌ల చొప్పున తగ్గి, ఒకే దశలో కలిసి, మొత్తం సమతలంగా వస్తుంది. అక్కడి నుండి ప్రతి స్థాయికీ, అనగా పౌనఃపున్యం సగమైన లేక రెట్టింపైన ప్రతిసారీ, సుమారు 24 డెసిబెల్‌లు తగ్గుతుంది. 2,000 హెర్ట్‌జ్‌ల వద్ద విభజిస్తే, 1,000 హెర్ట్‌జ్‌ల వద్ద ట్వీటరుకు చేరే సామర్థ్యం 250వ వంతుకన్న తక్కువ.

రెండవ ప్రయోజనం ఆలస్యాన్ని సర్దడం. ఊఫర్ శంకువు లోతుగా ఉండుట చేత దాని ధ్వని ట్వీటర్ ధ్వనికన్న కొంచెం వెనుకనుండి బయలుదేరుతుంది. ఆ వ్యత్యాసం 3.4 సెంటీమీటర్లయితే కాలంలో 0.1 మిల్లీసెకను. 2,000 హెర్ట్‌జ్‌ల తరంగదైర్ఘ్యం 17 సెంటీమీటర్లు గనుక ఇది తరంగంలో అయిదవ వంతు, అనగా 72 డిగ్రీల దశాభేదం. సెకనుకు 96,000 నమూనాలు తీసే సాధనంలో ఒక్కొక్క నమూనా దూరంలో 3.6 మిల్లీమీటర్లకు సమానం. కనుక ట్వీటరును పది నమూనాలు ఆపితే రెండు ధ్వనులూ దాదాపు ఏకకాలంలో శ్రోతను చేరుతాయి. ఇవిగాక, ఒక్కొక్క స్పీకర్ తీవ్రతను సమం చేయడం, ప్రతిస్పందనలోని ఎత్తుపల్లాలను కొంతవరకు చదును చేయడం, పరిమితి దాటకుండా సంకేతాన్ని అదుపు చేయడం కూడా దీని పనులే.

చేయలేనివి: స్పీకర్ ఎంపికకు గీటురాళ్లు

ఒకటి, ధ్వని వ్యాప్తి. శంకువు వ్యాసం తరంగదైర్ఘ్యానికి సమీపించిన కొలది ధ్వని చుట్టూ వ్యాపించక ముందుకే సన్నగిలుతుంది. 16.5 సెంటీమీటర్ల ఊఫరులో పనిచేసే శంకువు వ్యాసం సుమారు 13 సెంటీమీటర్లు. ఆ పొడవు గల తరంగం దాదాపు 2,640 హెర్ట్‌జ్‌లది. కనుక దానిని 2,000 హెర్ట్‌జ్‌ల సమీపంలోనే ట్వీటరుకు అప్పగించడం మేలు. 30 సెంటీమీటర్ల ఊఫరును ఇంకా చాలా ముందుగా, కొన్ని వందల హెర్ట్‌జ్‌ల వద్దనే ఆపవలెను. ఎదురుగా కూర్చున్నవారికి సరిదిద్దిన సంకేతం ప్రక్కన కూర్చున్నవారికి సరిపోదు. ప్రక్కగా వెళ్లి గోడలను తాకి వచ్చే ధ్వనికీ సరిపోదు. కెనడా జాతీయ పరిశోధనా మండలిలో ఫ్లాయిడ్ టూల్ జరిపి 1985, 1986 సంవత్సరాలలో ప్రచురించిన పరిశోధనలలో, ఏ స్పీకర్ మ్రోగుతున్నదో తెలియకుండా విన్న శ్రోతలు, ఎదుట సమతలంగానూ ప్రక్కలకు క్రమంగానూ ధ్వనించే స్పీకర్లనే మెచ్చుకొన్నారు. కావున నిర్మాత ఇచ్చిన పత్రంలో 30, 60 డిగ్రీల కోణాలలో తీసిన రేఖలను తప్పక చూడవలెను.

రెండు, శంకువు కదలిక. అదే తీవ్రతను నిలుపుతూ పౌనఃపున్యాన్ని సగానికి దించితే, శంకువు నాలుగు రెట్లు కదలాలి. 80 హెర్ట్‌జ్‌ల వద్ద 1 మిల్లీమీటరు కదిలే ఊఫర్ 40 హెర్ట్‌జ్‌ల వద్ద 4 మిల్లీమీటర్లు, 20 హెర్ట్‌జ్‌ల వద్ద 16 మిల్లీమీటర్లు కదలవలసి ఉంటుంది. చిన్న ఊఫరుకు క్రాసోవర్ ద్వారా మంద్రాన్ని పెంచితే అది హద్దు దాటి వికృతి చెందుతుంది. వికృతి వల్ల పుట్టిన కొత్త స్వరాలను ఏ వడపోతా వెనుకకు తీయలేదు. ట్వీటరుకూ ఇదే నియమం. దాని సహజ అనునాద పౌనఃపున్యానికి కనీసం రెట్టింపు పైననే విభజన స్థానం ఉండడం క్షేమం.

మూడు, పెట్టెకు తగిన ఊఫర్. ఆస్ట్రేలియాలో 1961లో నెవిల్ థీల్, తరువాత 1970 దశకంలో రిచర్డ్ స్మాల్ చేసిన కృషి వల్ల, ఊఫర్ అనునాద పౌనఃపున్యం మొదలైన కొద్దిపాటి సంఖ్యలతో పెట్టె ఘనపరిమాణాన్ని ముందుగానే లెక్కించడం సాధ్యమైంది. ఈ సంఖ్యలు ప్రకటించని ఊఫరును కొనడం చీకటిలో బాణం వేయడమే.

గది కూడా ఒక వాద్యమే

ప్రయోగశాలలో అనునాద గొట్టంతో ప్రయోగం చేసిన విద్యార్థులకు గది స్వభావం సులభంగా బోధపడుతుంది. ఎదురెదురు గోడల మధ్య గాలి రెండు చివరలూ మూసిన గొట్టంలోని గాలి వంటిది. ధ్వని వేగాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే మొదటి అనునాదం తెలుస్తుంది. 4 మీటర్ల గదికి అది 43 హెర్ట్‌జ్‌లు. 3 మీటర్ల వెడల్పుకు 57 హెర్ట్‌జ్‌లు. గదిలో కొన్ని చోట్ల ఈ స్వరాలు హోరెత్తుతాయి, కొన్ని చోట్ల దాదాపు వినబడవు. హోరును క్రాసోవర్ తగ్గించగలదు. లోపించిన స్వరాన్ని మాత్రం నింపలేదు. 10 డెసిబెల్‌లు పెంచాలంటే పదింతల సామర్థ్యం కావాలి, అయినా ఆ చోట తరంగాలు పరస్పరం రద్దవుతూనే ఉంటాయి. అప్పుడు కుర్చీని గాని, ఊఫరును గాని జరపడమే మందు. మన ఇళ్లలోని గచ్చు నేలలు, సిమెంటు గోడలు తార ధ్వనులను తిరిగి విసురుతాయి. ఒక తివాచీ, బరువైన తెరలు, నిండైన పుస్తకాల బీరువా అక్కడ మేలు చేస్తాయి.

ఎంపిక క్రమం

గజల్ గాయకుని గొంతు, తబలాలోని బాయాఁ గంభీరనాదం, వయొలిన్ తీగ రాపిడి, ఇవి స్పష్టంగా వినిపించాలన్నదే మధ్యతరగతి శ్రోత కోరిక అనుకొందాం. 4 మీటర్లు, 3 మీటర్ల గదికి రెండు శ్రేణుల వ్యవస్థతో ఆరంభించడం ఉచితం. ప్రక్కకు ఒక 16.5 సెంటీమీటర్ల ఊఫర్, ఒక 25 మిల్లీమీటర్ల గుమ్మటపు ట్వీటర్. నాలుగు యాంప్లిఫయర్ మార్గాలు. రెండు ప్రవేశాలు, నాలుగు నిర్గమాలు గల క్రాసోవర్. మినీడీఎస్పీ సంస్థవారి 2×4 హెచ్‌డీ ఈ తరగతికి చెందినదే. మంద్రం చాలదనిపిస్తే 25 సెంటీమీటర్ల ఊఫర్లను చేర్చి మూడు శ్రేణులుగా పెంచవచ్చు. అప్పుడు ఆరు నిర్గమాలు కావలెను గనుక, ముందుముందు పెంచదలచినవారు ఆ సంఖ్యను మొదటనే ఆలోచించుకోవలెను.

వాట్ల విషయంలో ప్రకటనలకు లొంగరాదు. ఒకప్పుడు మన బజారులో చిన్న టేప్‌రికార్డర్ల మీద కూడా పీఎంపీవో పేర వందల వాట్లు ముద్రించబడేవి. అవి క్షణకాలపు ఊహాసంఖ్యలే గాని నిలకడగా అందే సామర్థ్యం కాదు. ఆర్‌ఎంఎస్ వాట్లనే లెక్కలోకి తీసుకోవలెను. 1 వాటుకు 1 మీటరు దూరంలో 87 డెసిబెల్‌లు ఇచ్చే స్పీకర్ 10 వాట్లకు 97, 100 వాట్లకు 107 ఇస్తుంది. 3 డెసిబెల్‌లు ఎక్కువ సున్నితత్వం గల స్పీకరును ఎంచుకొంటే సగం సామర్థ్యం గల యాంప్లిఫయరుతో సరిపోతుంది.

ఖర్చులో ఒక చిన్న భాగం కొలతకు ఉపయోగపడే మైక్రోఫోనుకు కేటాయించక తప్పదు. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే లభిస్తుంది. కొలత లేని డిజిటల్ క్రాసోవర్ తూనిక లేని వైద్యం వంటిది.

ముందు జాగ్రత్తలు

ఈ పద్ధతిలో యాంప్లిఫయరుకూ ట్వీటరుకూ నడుమ రక్షణగా ఏదీ ఉండదు. స్విచ్ వేసినప్పటి కుదుపు గాని, ఏకముఖ విద్యుత్తు గాని, పొరపాటున ఊఫర్ తీగ తగిలించడం గాని వెంట్రుక వంటి తీగచుట్టను క్షణంలో కాల్చివేయగలదు. 8 ఓముల ట్వీటరుకు వరుసలో 40 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఉంచితే 500 హెర్ట్‌జ్‌లకు దిగువన రక్షణ లభిస్తుంది. ముందు క్రాసోవర్, తరువాత యాంప్లిఫయర్లు వేయాలి. ఆపేటప్పుడు ముందు యాంప్లిఫయర్లే ఆపాలి. తీగలు మార్చిన ప్రతిసారీ మొదట అతి తక్కువ తీవ్రతతో పరీక్షించాలి.

ట్వీటర్ కాలితే మరొకటి కొనవచ్చు. చెవిలోని సూక్ష్మ రోమకణాలు నశిస్తే తిరిగి మొలవవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన ప్రమాణం ప్రకారం పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్‌లు పరిమితి. ప్రతి 3 డెసిబెల్‌ల పెంపుకు ఆ కాలం సగమవుతుంది. 89 డెసిబెల్‌లకు మిగిలేది వారానికి 5 గంటలే. చక్కగా విభజించి, కొలిచి, సర్దిన వ్యవస్థ తక్కువ తీవ్రతలో కూడా ప్రతి స్వరాన్ని విడదీసి వినిపిస్తుంది. కొనదలచిన విద్యార్థులు ముందు గదిని కొలిచి, పిదప స్పీకర్ల పత్రాలు చదివి, ఆ తరువాతనే క్రాసోవరును, యాంప్లిఫయర్లను నిర్ణయించుకొనెదరు గాక.