కథాపఠనమున రసవిఘ్నములు : కాదంబరీ పాఠానుభవము

కథకును ఆఖ్యాయికకును గల భేదమును లాక్షణికులు విస్తారముగా చర్చించియున్నారు. నాయకుడు తన వృత్తాంతమును తానే చెప్పుకొనిన ఆఖ్యాయికయనియు, ఇతరులు చెప్పిన కథయనియు భామహుడు విభజింపగా, ఇవి ఒకే జాతికి పెట్టిన రెండు పేర్లని దండి కావ్యాదర్శమున త్రోసిపుచ్చెను. తెలిసిన విషయము గలది ఆఖ్యాయిక, కల్పితమైనది కథ అని అమరసింహుడు తేల్చివేసెను. ఈ ప్రశ్న పరీక్షలలో ఏటేటా వచ్చుచునే యున్నది; మనమును ఏటేటా సమాధానము చెప్పించుచునే యున్నాము. కల్పితమని యెరిగియు చదువరి దానిని ఎట్లు నమ్మును, నమ్మి ఏల కన్నీరు పెట్టును, కల్పించువానికి గల కష్టమెట్టిది అను ప్రశ్నలు మాత్రము పాఠ్యప్రణాళికలో చేరలేదు. అభినవగుప్తుడు నాట్యశాస్త్రము ఆరవ అధ్యాయమును వ్యాఖ్యానించుచు రసవిఘ్నములను చెప్పినచోట వీనికి సమాధానము కలదని నా యభిప్రాయము.

ఆ విఘ్నములు ఏడు. అధ్యాపకులకు తెలిసినవే కనుక అన్నిటిని ఇచట వివరింపను. కథకు సంబంధించినంతవరకు మొదటిదియు మూడవదియు ముఖ్యములు.

మొదటిది సంభావనావిరహము, అనగా ఇట్లు జరుగునా యను అపనమ్మకము. దీనికి పరిహారముగా అభినవగుప్తుడు రామాది ప్రఖ్యాతనామములను గ్రహింపవలెననెను. సముద్రమును దాటినాడన్నను రాముని విషయమున ఎవడును శంకింపడు. ఉత్పాద్యకథను వ్రాయువానికి ఈ ఆలంబనము లేదు. అతని నాయకుని పేరు నిన్నటివరకు ఎవరును వినియుండరు. అట్టివాడు చేయునదేమి? నేటి కథకులు వ్యక్తికి బదులు స్థలమును ప్రఖ్యాతముగా గ్రహించుచున్నారని నాకు తోచినది. దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో యెదుట ఒక యువకుడు నిలుచుండెను అన్నంతనే, ఆ త్రోవను నిత్యము నడచు నేను ఆ యువకుని సగము నమ్మితిని. కందుకూరి వీరేశలింగము గారు గోల్డ్‌స్మిత్ ఆంగ్లనవలను ఆధారముగా గొనియు, 1880లో గ్రంథరూపమున వెలువడిన రాజశేఖరచరిత్రమును ధవళగిరి వర్ణనముతోను గోదావరీ వర్ణనముతోను ఆరంభించుట ఇందువలననే కావచ్చును. పాత్రలు కల్పితములు, ధవళేశ్వరము కల్పితము కాదు.

మూడవ విఘ్నము నిజసుఖాదివివశీభావము. తన సుఖదుఃఖములలో మునిగినవాని చిత్తము అన్యవస్తువుపై విశ్రమింపజాలదు. ఇది పుస్తకమున నుండు దోషము కాదు, చదువువానిలో నుండు దోషము. దీనికి నాట్యమున పరిహారములు కలవు: వాద్యము, గానము, విచిత్రమైన మండపము, నేర్పరులైన నర్తకులు. ఇవి యెల్లర మనస్సులను సమానముగా రంజింపజేసి, ఎవని గోడును వానిచేత క్షణకాలము మరపించును. ఏకాంతమున గ్రంథమును చేతబట్టి కూర్చున్నవానికి ఈ సాయమేదియు లేదు. అట్లయిన గద్యకథకు ఈ విఘ్నము తొలగు మార్గమేది?

ఈ ప్రశ్న నాకు శాస్త్రమునుండి పుట్టలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా యింట సాయంకాలములందు కొందరు పిల్లలు కాదంబరి చెప్పుకొందురు. వారిలో పెక్కురు ఉద్యోగపరీక్షల శిక్షణకై వచ్చి వసతిగృహములలో ఉండువారే. కళాశాలలో వారు చదివినది శుకనాసోపదేశమొక్కటే. కథను కోసి ఉపదేశమును మాత్రము పాఠ్యముగా పెట్టుట మన కళాశాలల వాడుక. నేనును మూడు దశాబ్దములు అట్లే చెప్పితిని. ఆ తప్పులో నా పాలు నాకున్నది. చంద్రాపీడుడెవడో, తరువాత అతడేమైనాడో తెలియనివానికి శుకనాసుడు చేసిన హితబోధ వలన కలుగునది నీతియే కాని కథారసము కాదు. అందువలన ఈ పిల్లలకు శూద్రకుని సభనుండియే ఆరంభించితిని.

వింధ్యాటవి వచ్చినది, పంపాసరస్సు వచ్చినది, శాల్మలీవృక్షము వచ్చినది. ఒక విద్యార్థిని విసిగి, “గురువుగారూ, ఈ చెట్టు వర్ణన వదిలేసి కథలోకి వెళ్దామా?” అని యడిగెను. “వెళ్దామమ్మా” అంటిని. పాఠశాలలో మా గురువుల యెదుట ఇట్లడిగినచో ఆ పూట అన్వయమంతయు మరల చెప్పవలసివచ్చెడిది! పుటలు త్రిప్పి ముదుసలి చిలుక కడకు వచ్చితిమి. ప్రసవవేదనచే భార్య మరణింపగా, ఆ చిలుక ఇతర పక్షులు జారవిడిచిన గింజలనేరి పిల్లకు పెట్టి, మిగిలినది తాను తినుచుండెను. అచట నా కంఠము ఆగిపోయినది. నా గృహిణి గతించి అప్పటికి ఏడాది. పిల్లలు తలలు వంచుకొనిరి. పాఠము అంతటితో ముగిసినది.

ఆ రాత్రి యథాప్రకారము ఎల్.బి. నగర్‌లోని కుమారుని యింటికి భోజనమునకు మెట్రోలో బయలుదేరితిని. 2018లో ఆ మార్గము తెరచిన నాటినుండియు ఆ బండిలో ఏదేని నవల చదువుకొనుట నా యలవాటు. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటగనే ఎల్.బి. నగర్, ఆరేడు పుటలకు మించి సాగదు. ఆనాడు కాదంబరినే తెరచి, విడిచిన వర్ణనమును మొదటినుండి చదివితిని. ఆకాశమును కొలుచుచున్నట్లు నిలిచిన ఆ చెట్టు, దాని తొఱ్ఱలు, కొమ్మలు, వేలకొలది చిలుకలు. వాక్యము వెంట వాక్యము పోవుచుండగా నా యూపిరి ఆ దీర్ఘసమాసముల నడకకు లోబడినది. ముదుసలి చిలుక వచ్చుసరికి అది నేను కాదు, చిలుకయే. కన్నీరు వచ్చినది కాని కంఠము ఆగలేదు. దిగవలసిన స్టేషను వచ్చుటయు తెలిసినది.

కావున నా ప్రతిపాదన ఇది: నాట్యమునకు వాద్యగానములు చేయు పనిని గద్యకావ్యమునకు వర్ణనము చేయుచున్నది. అది కథకు అలంకారము కాదు, ఆలస్యమును కాదు. చదువరిని అతని సొంత దుఃఖమునుండి మెల్లగా విడదీసి, కథలోని దుఃఖమునకు సిద్ధపరచుటకు కొంత కాలము కావలెను. ఆ కాలమే వర్ణనము. సంక్షేపములు అచ్చొత్తించువారు మొదట కోసివేయునదియు అదియే.

బాణుని మరియొక గ్రంథమును దీని ప్రక్కన నుంచిన వ్రాయువాని కష్టమును తెలియును. హర్షచరితమున బాణుడు స్వవృత్తాంతమును చెప్పుచు, శైశవముననే తల్లి గతించిన తనను తండ్రి చిత్రభానుడు తల్లియై పెంచెననియు, పదునాలుగేండ్లకు ఆ తండ్రియు పోయెననియు కొద్ది మాటలలో ముగించెను. కాదంబరిలో ముదుసలి చిలుక తల్లి లేని పిల్లను పెంచి, శబరుడు పైకి వచ్చినప్పుడు దానిని రెక్కల క్రింద దాచి ప్రాణము విడుచును. తనదిగా చెప్పినప్పుడు మాట పెగలని దుఃఖము, పక్షికిచ్చి చుట్టును అడవిని కల్పించినప్పుడు విస్తరించినది. కర్తయొక్క స్వదుఃఖమును కథయొక్క దుఃఖముగా మార్చిన ఉపాయమిది. ఈ పోలికను బాణుడు ఉద్దేశించెనని నిరూపింపజాలను. రెండు గ్రంథములును బోధించినవానికి కనబడక మానదు.

శాస్త్రము చెప్పుట సులభము. నేనొక కథ వ్రాయబూనితిని. కొత్తపేటలోని గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టులో మా గృహిణి బేనిషాన్ మామిళ్లను తొడిమ కడ వాసన చూచి యేరుట అందలి విషయము. పది పుటలు వ్రాసి ఆ విద్యార్థినికే చూపితిని. ఆమె చాలసేపు ఊరకుండి, “గురువుగారూ, ఇందులో మీరే కనిపిస్తున్నారు. అమ్మగారు కనిపించటం లేదు” అనెను. సమాసములు కూడ మెండుగానే యున్నవి. అవి పండ్లను కప్పివేసినవి. వర్ణనము చదువరిని విడదీయవలెను కాని వ్రాయువానిని దాచరాదు. ఆ భేదము నాకు డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట, ఉద్యోగపరీక్షకు చదువుకొను బాలిక నోట తెలియవలసివచ్చినది.

ఆ మార్కెట్టును 2021లో నగరము వెలుపలనున్న బాటసింగారమునకు తరలించిరి. ఇప్పుడు నా కథలో నేను లేను. ఒక వృద్ధ హమాలీ ఉన్నాడు; మార్కెట్టు లేని చోటికి వేసవిలో ఉదయమున అలవాటుగా నడచి వచ్చుచుండును. అతని భార్య మామిళ్లనెట్లు ఏరెడిదో ఇంకను వ్రాయలేదు. దానికి ముందు ఆ వీధిని, గడ్డివాసనను, లారీలు నిలిచిన తావును కుదురుగా వ్రాయవలసియున్నది. నాలుగవ ప్రతి జరుగుచున్నది.