కోసిన పువ్వుకు తొలి గంటలే ఆయుష్షు

చేవెళ్ల, మొయినాబాద్ వైపు పాలీహౌస్‌లలో గులాబీలు, జెర్బెరా కోసేవారికీ, గుడిమల్కాపూర్ మార్కెట్లో కొని అమ్మేవారికీ, మండపాలు అలంకరించేవారికీ ఈ మాటలు. కోసిన పువ్వు తొందరగా వాడడానికి మొదటి కారణం దాహం. బకెట్ నిండా నీళ్లున్నా దాహమే! కాడలోని సన్నని గొట్టాల్లో గాలి బుడగ చేరినా, బ్యాక్టీరియా పేరుకున్నా నీరు పైకెక్కదు. ఆ దారి మూసుకుపోకుండా కాపాడడంలోనే మన పనితనం ఉంది.

కోత: తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే కోయండి. గులాబీ రంగు తేలి, మొగ్గ కింది పచ్చరేకులు వాలుతున్నప్పుడు కోయాలి. మరీ ముదరని మొగ్గ విచ్చుకోకుండానే మెడ వంచేస్తుంది. జెర్బెరా నడిమి బొడ్డులో బయటి రెండు మూడు వరుసలు విచ్చుకున్నాక, కాడను మొదట్లో పట్టుకుని మెలితిప్పి లాగండి. తర్వాత ఆ గట్టి మొదలును కోసేయండి, అది నీరు పీల్చదు.

నీరు: బకెట్లు కోసేచోటే ఉండాలి. షెడ్డు దాకా నీళ్లు లేకుండా చేతుల్లో మోస్తే గొట్టాల్లోకి గాలి చేరుతుంది. బకెట్లను రోజూ బ్లీచింగ్ నీటితో కడగండి. నీటిలో మునిగే ఆకులు తీసేయండి. దుకాణానికి చేరాక కాడ చివర రెండు సెంటీమీటర్లు, వీలైతే నీళ్లలోనే ఉంచి, పదునైన కత్తితో ఏటవాలుగా కోయండి.

మందు నీళ్లు: పది లీటర్లకు పంచదార 200 గ్రాములు, నిమ్మ ఉప్పు 3 గ్రాములు, హైడ్రాక్సీక్వినోలిన్ సిట్రేట్ 2 గ్రాములు. పంచదార పువ్వుకు తిండి, నిమ్మ ఉప్పు వల్ల నీరు సులువుగా ఎక్కుతుంది, మూడోది బ్యాక్టీరియాను అణచిపెడుతుంది. కలిపేటప్పుడు చేతులకు గ్లవ్స్ వేసుకోండి. మూడోది లేకుండా పంచదార ఒక్కటే వేయొద్దు, బ్యాక్టీరియాను మేపినట్టవుతుంది.

చల్లదనం: గులాబీలను 2 నుంచి 4 డిగ్రీల కోల్డ్ రూమ్‌లో పెట్టండి. ఆంథూరియం, ఆర్కిడ్లు అంత చలికి నల్లబడతాయి. వాటికి 13 డిగ్రీల దగ్గర చాలు. పూలున్న గదిలో మామిడి, అరటి ముగ్గనివ్వకండి. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు పూలు త్వరగా ముదిరి రాలిపోతాయి. కార్నేషన్‌కు ఈ బెడద మరీ ఎక్కువ.

యజమానులకు ఒక మనవి: బకెట్లు కడగడాన్ని తీరికవేళ పనిగా వదిలేయకుండా, దానికంటూ మనిషినీ సమయాన్నీ కేటాయించండి. ప్రతి కట్ట మీదా కోసిన తేదీ, వేళ రాయించండి. ముందు కోసింది ముందు అమ్ముడైతే, కొన్నవారింట్లో పువ్వు నిలుస్తుంది, వారు మళ్లీ మీ దగ్గరికే వస్తారు.